జంట వేణువు పోటీకి వెళ్తున్నారా? పిల్లలూ, తల్లిదండ్రులూ, గురువులూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు కర్ణాటక సంగీతంలో ఇద్దరు పిల్లలు కలిసి వేణువు వాయించే పోటీ గురించి. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు వాళ్లనూ, వర్ణాలు పూర్తయి కృతుల్లోకి వచ్చినవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాశాం.

జంట వేణువు, జుగల్‌బందీ ఒకటేనా?

కాదు. జుగల్‌బందీలో ఇద్దరివి వేర్వేరు వాద్యాలో, వేర్వేరు బాణీలో అయి ఉంటాయి. అక్కడ వినేవాళ్లకు ఆ తేడాయే అందం. జంట వేణువులో ఇద్దరిదీ ఒకే పాఠాంతరం (గురువు నేర్పిన కృతి రూపం), ఒకే బాణీ. కళ్లు మూసుకుని వింటే కృతి జరుగుతున్నంతసేపూ ఒక్క పెద్ద వేణువు మోగుతున్నట్టు ఉండాలి. ఇద్దరున్నారని తెలియాల్సింది ఆలాపనలోనూ (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం) స్వరకల్పనలోనూ (అప్పటికప్పుడు సరిగమలు అల్లడం) మాత్రమే. సిక్కిల్ సిస్టర్స్ కుంజుమణి, నీల దశాబ్దాల పాటు ఈ పద్ధతిలోనే కచేరీలు చేశారు. 2002లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్లకు సంగీత కళానిధి ఇచ్చింది. జంట ఎలా మోగాలో పిల్లలకు చెవిలో పడాలంటే వాళ్ల పాత రికార్డింగులు వినిపించండి.

జంట విభాగం అన్ని పోటీల్లోనూ ఉంటుందా?

ఉండదు. విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో శాస్త్రీయ వాద్యం సోలో విభాగంగా ఉంటుంది. సభలు, సంగీత సంస్థలు, ప్రవాస సంఘాలు పెట్టే పోటీల్లో కొన్నిచోట్ల జంటకు విడిగా విభాగం ఉంటుంది, కొన్నిచోట్ల వాద్యబృందం కింద చేర్చుకుంటారు. దరఖాస్తు పెట్టేముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి. సమయంలో శ్రుతి చూసుకునే వ్యవధి కలుస్తుందా? మృదంగం వాళ్లే ఇస్తారా? మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి వాయించడం) తప్పనిసరా? ఇద్దరి వయసులు వేరైతే ఏ విభాగంలోకి వస్తారు? చివరి ప్రశ్న అడగకుండా వెళ్లి, అక్క వయసును బట్టి సీనియర్ విభాగంలో పడిపోయిన చెల్లెళ్లు ఉంటారు.

జత ఎలా కుదర్చాలి? ఇద్దరిలో ఒకరు బాగా ముందుంటే?

ఒకే గురువు దగ్గర నేర్చుకునేవాళ్లయితే సగం పని తీరినట్టే. వేర్వేరు గురువుల శిష్యులైతే కృతికి ఎవరి పాఠాంతరం తీసుకోవాలో మొదటిరోజే తేల్చుకోవాలి. సంగతుల్లో (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే రూపాల్లో) సగం ఇక్కడివి, సగం అక్కడివి కలిపితే అతుకులు వినిపిస్తాయి.

వాయించే స్థాయిలో కొంచెం ఎక్కువతక్కువలున్నా ఫరవాలేదు. ఊదే బలంలో తేడా ఉంటేనే ఇబ్బంది. ఒకరిది గాలి నిండిన మెత్తని నాదం, మరొకరిది గట్టి నాదం అయితే శ్రుతి సరిగ్గా కలిసినా రెండూ విడివిడిగానే వినిపిస్తాయి. వెనకబడిన పిల్లను బలంగా ఊదమని ఒత్తిడి చేస్తే శ్రుతి పైకి పోతుంది. ముందున్నవాళ్లే గాలి తగ్గించుకుని పక్కవాళ్ల నాదంలో ఒదగాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, చాలా జతలు ఇక్కడే విడిపోతాయి.

ఏ శ్రుతి వేణువు తీసుకోవాలి?

పిల్లల జతలకు ఐదు శ్రుతి (హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టు ‘స’గా ఉండేది) మంచిది. మొత్తం పొడవు సుమారు 15 అంగుళాలు, రంధ్రాల మధ్య ఎడం చిన్న వేళ్లకు అందుతుంది. పద్నాలుగు పదిహేనేళ్లు దాటి, చెయ్యి సాగినవాళ్లు నాలుగుకో మూడుకో దిగవచ్చు. నాదం నిండుగా వస్తుంది, కానీ గాలి ఎక్కువ కావాలి. పోటీకి రెండు నెలల ముందు శ్రుతి మార్చకండి, వేళ్లు కొత్త ఎడాలకు అలవాటు పడేలోపు పోటీ వచ్చేస్తుంది.

రెండు వేణువులూ ఒకే చేతి పనివి, ఒకేసారి చేయించినవి అయి ఉండాలి. వెదురు లోపలి వ్యాసం, గోడ మందం, ఊదే రంధ్రం పరిమాణం మూడూ దగ్గరగా ఉంటేనే రెండింటి నాదం ఒక రంగులో ఉంటుంది. కొనేటప్పుడు ఐదారు వేణువులు ముందు పెట్టించుకుని, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, జంటగా మోగించి ఎంచుకోండి. ఒక్కొక్కటిగా విడిగా వింటే అన్నీ బాగానే ఉంటాయి.

రెండూ ఐదు శ్రుతి అనే ఇచ్చారు. కలిపి ఊదితే ‘వవ్‌వవ్’ అంటోంది. ఎందుకు?

రెండూ కొద్దిగా వేరుగా ఉన్నందుకు. ఐదు శ్రుతి చిన్న వేణువులో మధ్య షడ్జమం (స) సెకనుకు సుమారు 784 కంపనాలు. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. రెండు వేణువులకూ 5 సెంట్లు తేడా ఉంటే నాదం సెకనుకు రెండుసార్లకు పైగా ఉబ్బి తగ్గుతుంది, ఆ ఊపే మీకు వినిపించే ‘వవ్‌వవ్’. 10 సెంట్లయితే నాలుగైదుసార్లు. ఒంటరిగా వాయించినప్పుడు 5 సెంట్ల తేడా ఎవరికీ పట్టదు, జంటలో మాత్రం మొదటి కార్వై (స్వరాన్ని నిలిపి ఉంచడం) దగ్గరే బయటపడుతుంది. తీర్పు చెప్పే పెద్దల చెవికి అది పట్టడానికి అరనిమిషం చాలు. ఆ తర్వాత ఎంత బాగా వాయించినా ఆ మచ్చ పోదు.

సరిదిద్దే క్రమం ఇది. ముందు ఇద్దరూ పదినిమిషాలు ఊది వేణువులు వెచ్చబడనివ్వండి. తర్వాత ఒకరు షడ్జమం పట్టుకుని కదలకుండా ఉంటే రెండోవారు వేణువును పెదవి మీద కొద్దిగా లోపలికో బయటికో తిప్పాలి. ఊదే రంధ్రం ఎక్కువ మూసుకుంటే శ్రుతి దిగుతుంది, బయటికి తిప్పితే ఎక్కుతుంది. ఊపు నెమ్మదించి ఆగినచోటే పెదవి స్థానం. అద్దంలో చూసి ఆ స్థానాన్ని గుర్తుంచుకోమనండి. ఇలా పెదవితో సర్దగలిగేది కొంతవరకే. తేడా 20 సెంట్లకు మించితే ఆ జత పనికిరాదు, వేణువు మార్చాల్సిందే. అంత దూరం పెదవితో లాగితే నాదం బిగుసుకుపోతుంది.

ఒక్క షడ్జమం కలిస్తే చాలనుకోకండి. చేతిపని వెదురులో ఒక్కో రంధ్రం ఒక్కో తీరుగా ఉంటుంది. సరిగమపదని ఏడూ ఒక్కొక్కటి ఎనిమిది లెక్కల పాటు కలిపి పట్టి చూసి, ఎక్కడ ఊపు వస్తుందో కాగితం మీద రాసుకోవాలి. ఒక్క రంధ్రమే శ్రుతి ఎక్కువైతే దాని ఊదే రంధ్రం వైపు అంచుకు మినప్పప్పు గింజలో పావు వంతంత తేనెమైనం అద్దితే దిగుతుంది. తక్కువైతే అరగదీయాలి. ఆ పని ఇంట్లో చెయ్యకండి, చేసినవారి దగ్గరికే పంపండి. మైనం తీసేయవచ్చు గానీ అరిగిన వెదురు తిరిగి రాదు.

శ్రుతి కలిసిందో లేదో ఫోన్ యాప్ చూస్తే సరిపోదా?

సూదిని చూడడం అలవాటైతే చెవి పనిచెయ్యడం మానేస్తుంది. ఇంతకంటే మంచి పరీక్ష ఉంది, వేణువులకు ప్రత్యేకంగా పనికొస్తుంది. చిన్న గదిలో ఇద్దరూ ఎదురెదురుగా రెండడుగుల దూరంలో కూర్చోవాలి. ఒకరు షడ్జమం, ఒకరు పంచమం (ప) గట్టిగా, నిలకడగా పట్టాలి. శ్రుతి సరిగ్గా కుదిరితే ఇద్దరూ ఊదని మూడో స్వరం చెవిలో గుయ్యిమంటుంది. అది కింది స్థాయి షడ్జమం. పంచమం కంపనాలు 1176లోంచి షడ్జమం 784 తీసేస్తే 392, మధ్య షడ్జమంలో సరిగ్గా సగం. పంచమం 10 సెంట్లు ఎక్కితే ఈ మూడో స్వరం 30 సెంట్లు ఎక్కుతుంది, అంటే తప్పు మూడింతలై వినిపిస్తుంది. పిల్లలకు ఇదొక ఆటలా ఉంటుంది. ఒకసారి ఆ స్వరం పట్టుకున్నాక రోజూ వాళ్లే వెతుక్కుంటారు.

ఇంట్లో కలిసిన శ్రుతి ఏసీ హాల్లో ఎందుకు తప్పింది?

వేణువు శ్రుతి లోపలి గాలి వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు. 32 డిగ్రీల వరండాలో శ్రుతి చూసుకుని 22 డిగ్రీల వేదిక మీదికి వెళ్తే మొదటి ఊపిరిలో 25–30 సెంట్లు తగ్గి మోగుతుంది. ఊదుతున్నకొద్దీ వెచ్చబడి మెల్లగా పైకి వస్తుంది. ఎలక్ట్రానిక్ తంబురా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అసలు చిక్కు మరొకటి. ఆలాపన ఒకరే చేస్తుంటే వాళ్ల వేణువు వెచ్చగా ఉంటుంది, ఒళ్లో పెట్టుకు కూర్చున్న రెండోది చల్లారుతుంది. కృతి ఎత్తుకోగానే రెండూ రెండు దారులు. వాయించనివాళ్లు ఊదే రంధ్రాన్ని బొటనవేలితో మూసి, చివరి నుంచి చప్పుడు లేకుండా వెచ్చని గాలి పంపుతూ ఉండాలి. కనీసం రెండు అరచేతుల మధ్య పట్టుకోవాలి. మీ వంతుకు పావుగంట ముందే హాల్లోకి వెళ్లి కూర్చోండి.

ఏ రాగం, ఏ కృతి ఎంచుకోవాలి?

గాత్రంలో తేలికైనది వేణువు మీద తేలిక కాకపోవచ్చు. కర్ణాటక వేణువులో పై రెండు రంధ్రాలు మూస్తే షడ్జమం, ఒక్కటి మూస్తే చతుశ్రుతి రిషభం, అన్నీ తెరిస్తే అంతర గాంధారం. వేళ్లు పూర్తిగా ఎత్తుతూ దించుతూ పోతే సహజంగా పలికేది హరికాంభోజి రాగం. ఆ స్వరాలు కానివన్నీ రంధ్రం సగం మూసి తెచ్చుకోవాలి. ఆ సగం ఇద్దరు పిల్లలకు ఒకేలా ఉండదు. జంటల్లో శ్రుతి తప్పేది ఎక్కువగా ఈ సగం రంధ్రాల దగ్గరే.

ఆ లెక్కన మోహనంలో ఐదు స్వరాలూ నిండు రంధ్రాలే. హంసధ్వనిలో కాకలి నిషాదం ఒక్కటే సగం. హిందోళంలో గాంధారం, ధైవతం రెండు. కల్యాణిలో ప్రతిమధ్యమం, నిషాదం రెండు. తోడికి వచ్చేసరికి రిషభం, గాంధారం, ధైవతం మూడూ సగాలే, పైగా ఒక్కోటీ ఊగుతూ ఉండాలి. తోడి వాయించగల పిల్లలు ఉంటారు, జంటగా ఒకే తోడి వాయించేవాళ్లు అరుదు.

మొదటి పోటీకి మోహనం గానీ హంసధ్వని గానీ చాలు. మరీ తెలిసిన రాగమైతే మార్కులు రావన్న భయం వద్దు. ‘వాతాపి గణపతిం’ రోజుకు నాలుగుసార్లు వినాల్సి వస్తే ఎవరికైనా విసుగే, అదే హంసధ్వనిలో త్యాగరాజస్వామి ‘రఘునాయక’ ఉంది, అదీ ఆది తాళమే. వర్ణం కావాలంటే మోహనంలో ‘నిన్నుకోరి’ రెండు కాలాల్లో (వేగాల్లో) వాయిస్తే జంట లయ ఎంత గట్టిదో అక్కడే తేలిపోతుంది.

ఇద్దరూ ఊపిరి ఒకేచోట తీసుకోవాలా, వేర్వేరుగానా?

సాహిత్యం నడుస్తున్నప్పుడు ఒకేచోట. పొడుగు కార్వైల్లో వేర్వేరుగా. ఇది రిహార్సల్లో యాదృచ్ఛికంగా కుదిరేది కాదు, పెన్సిలు తీసుకుని గుర్తు పెట్టుకోవాల్సిందే.

‘రఘునాయక నీ పాదయుగ రాజీవముల నే విడజాల శ్రీ’ అనే పల్లవినే చూడండి. ‘రఘునాయక’ తర్వాత చిన్న ఊపిరి తీయవచ్చు, ‘రాజీవముల’ తర్వాత మరొకటి. ‘పాద’కూ ‘యుగ’కూ మధ్య ఆగితే సమాసం విరుగుతుంది, ‘రాజీ’ దగ్గర ఆగితే మాటే విరుగుతుంది. చివరి ‘శ్రీ’ దగ్గర చాలామంది పొరబడతారు. లైను అయిపోయింది కదా అని శ్రీ తర్వాత ఊపిరి తీస్తారు. కానీ ఆ శ్రీ తిరిగి పల్లవిలోకి వెళ్లి ‘శ్రీ రఘునాయక’ కావాలి. ఊపిరి ‘విడజాల’ తర్వాత తీసుకుని, శ్రీ నుంచి రఘునాయకలోకి గాలి తెగకుండా వెళ్లాలి. వేణువుకు మాటలు లేవు కదా అంటారు. కృతి తెలిసినవాళ్లు వేణువులో మాటలే వింటారు, ముందు వరుసలో కూర్చునేది కృతి తెలిసినవాళ్లే.

తుత్తుకారం (నాలుకతో ‘తు’ కొట్టి స్వరం మొదలుపెట్టడం) కూడా ఇలాగే. మాట మొదలయ్యే అక్షరం మీద ఇద్దరి నాలుకా ఒకేసారి తగలాలి. ఒకరు ‘తు’ అని, ఒకరు వేలితో జార్చి వస్తే మొదలు మసకబడుతుంది. అందుకే సాహిత్యం నోటితో పాడించకుండా వేణువు చేతికివ్వకూడదన్నది మా పద్ధతి.

ఇక కార్వై. అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) చివర తారషడ్జమం (పై స్థాయి స) నాలుగైదు లెక్కలు నిలపాల్సి వస్తే ఒకరు రెండో లెక్కలోనూ, మరొకరు నాలుగో లెక్కలోనూ ఊపిరి తీయాలి. తీసేవాళ్లు ముందు నాదం సన్నం చేసుకుని తప్పుకుని, అంతే సన్నగా తిరిగి చేరాలి. అప్పుడు స్వరం తెగినట్టే తెలియదు.

గమకాలు కలవడం లేదు. ఏం చెయ్యాలి?

లెక్కపెట్టండి. గమకాన్ని (స్వరాన్ని ఊపే, జార్చే కదలికను) ఊహకు వదిలేస్తే ఇద్దరూ కలవరు. కల్యాణి నిషాదం మీద ఒక్క లెక్కలో ఒకరు రెండు ఊపులు, మరొకరు మూడు ఊపులు వేస్తే వినేవాళ్లకు అది గమకంలా కాదు, అపశ్రుతిలా వినిపిస్తుంది. నిమిషానికి 50 లెక్కల చొప్పున పెట్టుకుని, ఆ ఒక్క పదబంధాన్నే ఒకరు వాయిస్తుంటే ఒకరు తాళం వేస్తూ ఊపులు లెక్కించాలి. తర్వాత మారాలి. ఆపైన ఇద్దరూ కలిపి వాయించి ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగానికి తగ్గించి వినండి. ఏ వేలు ముందు కదిలిందో కూడా తెలుస్తుంది.

సంగతులు ఎక్కువ పెట్టుకోవాలన్న ఆత్రం వద్దు. ఆరు సంగతులు ఒక్కటిగా వాయించిన జత, పది సంగతులు ముక్కలుగా వాయించిన జతకంటే ఎప్పుడూ ముందే ఉంటుంది.

ఒకరు పై స్థాయి, ఒకరు కింది స్థాయి వాయిస్తే నిండుగా ఉంటుందా?

ఒక సంగతిని రెండోసారి వాయించేటప్పుడు అలా చేస్తే బాగుంటుంది. కృతంతా చేస్తే పై వేణువు ఒక్కటే వినిపించి కిందిది నీడైపోతుంది. ఇద్దరూ కలిసి తారపంచమం దాటి వెళ్లకపోవడం మేలు, అక్కడ కొద్ది తేడా కూడా చెవిని గుచ్చుతుంది.

ఇక సినిమా పాటల్లోలా ఒకరు షడ్జమం పట్టుకుంటే ఒకరు గాంధారం పట్టుకుని నడవడం శాస్త్రీయ పోటీలో వద్దు. అందంగా ఉండొచ్చు, కానీ అడిగింది అది కాదు.

పది నిమిషాలిచ్చారు. ఎలా పంచుకోవాలి?

ఆది తాళం, నిమిషానికి 72 లెక్కలనుకుందాం. ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఆరున్నర సెకన్ల పైచిలుకు. సంగతులతో సహా ఒక మాదిరి కృతి 40 ఆవర్తాలు, అంటే నాలుగున్నర నిమిషాలు. ముందు ఆలాపన ఒకటిన్నర నిమిషం, చెరో 45 సెకన్లు. స్వరకల్పన, ముక్తాయింపు (దాన్ని ముగించే లెక్క) రెండున్నర నిమిషాలు. చివర పల్లవి అరనిమిషం. మొత్తం తొమ్మిది. మిగిలిన నిమిషాన్ని అలాగే వదిలేయండి. వేదిక మీద ఆలాపన ఎప్పుడూ అనుకున్నదానికంటే సాగుతుంది.

ఆలాపనలో మొదటివారు మధ్యస్థాయిలో మొదలుపెట్టి పంచమం దగ్గర నిలిపి ఇవ్వాలి. రెండోవారు అక్కడి నుంచే అందుకుని తారస్థాయికి వెళ్లి దిగాలి. ఇద్దరూ మళ్లీ షడ్జమం నుంచి మొదలుపెడితే ఒకే ఆలాపన రెండుసార్లు విన్నట్టుంటుంది.

స్వరకల్పన వంతులూ, ముక్తాయింపు లెక్కా చెప్పండి.

మొదటి కాలంలో చెరో ఆవర్తం, ప్రతిదాని తర్వాత ఒక ఆవర్తం పల్లవి, ఇలా రెండేసిసార్లు: 8 ఆవర్తాలు. రెండో కాలంలో చెరో ఆవర్తం మూడేసిసార్లు, పల్లవి లేకుండా: 6. తర్వాత చెరో అర ఆవర్తం మూడు జతలు: 3. చెరో పావు ఆవర్తం నాలుగు జతలు: 2. ముక్తాయింపు కలిసి: 1. మొత్తం 20 ఆవర్తాలు, రెండు నిమిషాల పదిహేను సెకన్లలోపు అయిపోతుంది.

పావు ఆవర్తానికి వచ్చేసరికి ఆలోచించే తీరిక ఉండదు. ఎవరు ఏ స్వరం మీద దిగుతారో ముందే ఒప్పందం ఉండాలి. హంసధ్వనిలో ఒకరు పంచమం మీద దిగితే రెండోవారు గాంధారం మీద, తర్వాత రిషభం మీద, ఇలా మెట్లు దిగవచ్చు.

ముక్తాయింపుకు లెక్క: ఆది తాళానికి లెక్కకు నాలుగు చొప్పున 32 అక్షరాలు. కృతి ఎత్తుగడ (మొదలు) సమం (తాళం మొదటి దెబ్బ) మీద అయితే 8 అక్షరాల పదబంధం మూడుసార్లు, మధ్యలో 4 అక్షరాల కార్వై రెండుసార్లు. 24, 8, మొత్తం 32. మరోరకం, 10 అక్షరాలవి మూడు, మధ్యలో ఒక్కొక్క అక్షరం విరామం. 30, 2, అదీ 32. ఎత్తుగడ సమం తర్వాత అరలెక్కకు ఉంటే 34 కావాలి. 10 అక్షరాలవి మూడు, మధ్యలో 2 చొప్పున కార్వై. పిల్లలు తప్పేది పదబంధంలో కాదు, కార్వైలో. ఆగాల్సిన నాలుగు అక్షరాల్లో మూడే ఆగి ఒకరు దూకేస్తారు. కార్వైలో ఇద్దరూ మనసులో ‘తకధిమి’ అనుకోవాలి.

ఎలా కూర్చోవాలి? మైకులు ఎక్కడ?

వేణువు వాయించేవారి కుడివైపుకు ఉంటుంది. పక్కపక్కనే కూర్చుంటే ఎడమవైపున్నవారి వేణువు చివర రెండోవారి భుజానికి తగులుతుంది. మధ్య నాలుగడుగుల ఎడం పెట్టుకుని, ఇద్దరూ కొద్దిగా లోపలికి తిరగాలి. ఒకరి వేళ్లు ఒకరికి కనిపించాలి. మొదలుపెట్టే సైగ తలతో కాదు, ఊపిరి తీసేటప్పుడు భుజం లేచే కదలికతో చెయ్యాలి. తల కదిపితే పెదవి జరుగుతుంది.

మైకు ఊదే రంధ్రానికి జానెడు దూరంలో, కొంచెం పైనుంచి. సూటిగా ఎదురుగా పెడితే ‘ఫు’ ‘ఫు’ అని గాలి కొడుతుంది. ఒక్కటే మైకు ఇస్తే మధ్యలో, రెండడుగుల దూరంలో. మానిటర్లో తంబురా వినిపించాలని ముందే చెప్పండి, పక్కవాళ్ల వేణువు కాదు. తంబురా ఫోన్‌లో పెడితే ఫ్లైట్ మోడ్ తప్పనిసరి.

మృదంగం వాళ్లకు ముందే ఏం చెప్పాలి?

శ్రుతి. మగవాళ్ల గాత్రానికి కట్టిన మృదంగం ఐదు శ్రుతికి ఎక్కదు, హెచ్చు శ్రుతి మృదంగం వేరే తెచ్చుకోవాలి. దాంతోపాటు తాళం, ఎత్తుగడ, వేగం, ముక్తాయింపు లెక్క. చీటీ మీద రాసిస్తే ఇంకా మంచిది.

వేదిక మీద ఒకరు తప్పితే?

తప్పినవారు వేణువు దించకుండా ఊదడం ఆపి, తర్వాతి ఆవర్తం సమంలో చేరాలి. రెండోవారు ఆగకూడదు, వాళ్ల వైపు తిరిగి చూడకూడదు. వెతుక్కుంటూ సన్నగా ఊదితే మాత్రం అందరికీ తెలిసిపోతుంది. దీన్ని కూడా సాధన చెయ్యాలి. రిహార్సల్లో గురువు ఎప్పుడంటే అప్పుడు ఒకరి భుజం తట్టి ఆపేసి, మళ్లీ చేరమనాలి.

ఊదుతుంటే తల తిరుగుతోంది అంటున్నారు.

వేణువు కొత్తలో ఎక్కువగా, గట్టిగా ఊపిరి తీసి వదలడం వల్ల వస్తుంది. వెంటనే ఆపి కాసేపు మామూలుగా ఊపిరి తీసుకోమనండి. చిన్నపిల్లలకు ఒక్కో విడత 20 నిమిషాలు మించకూడదు. పోటీరోజు కడుపునిండా తిని వెంటనే కూర్చోబెట్టకండి, రెండు గంటల ముందే తేలికగా పెట్టండి. పెదవులకు జిడ్డు పూయవద్దు, వేణువు జారుతుంది. ఎన్నాళ్లైనా తల తిరగడం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

వేణువు పగిలితే?

సన్నని పగులైతే మైనం నింపి, పైన గట్టి దారం దగ్గరదగ్గరగా చుడితే ఆ పూట గడుస్తుంది. పగులు ఊదే రంధ్రంలోకి వస్తే గడవదు. అందుకే ఇద్దరికీ చెరొక అదనపు వేణువు ఉండాలి. ఒకరిది మారిస్తే జత కలవకపోవచ్చు కాబట్టి అదనపు జతను కూడా జంటగానే కలిపి చూసుకోవాలి. ఊదాక లోపలి తడిని పొడి గుడ్డతో తుడవడం, ఎండలో నిలిపిన కారులో వదలకపోవడం, ఈ రెండూ చేస్తే చాలావరకు పగలవు.

మేం డాలస్‌లో ఉన్నాం, జతగాడు న్యూజెర్సీలో. వీడియో కాల్‌లో కలిసి సాధన చెయ్యొచ్చా?

కలిసి వాయించడం కుదరదు. 72 లెక్కల వేగంలో లెక్కకు నాలుగు అక్షరాలంటే ఒక్కో అక్షరం 208 మిల్లీసెకన్లు. కాల్‌లో 100 మిల్లీసెకన్లు ఆలస్యమైనా అర అక్షరం వెనకబడినట్టే, అవతలివాళ్లు దాన్ని చూసి ఇంకా ఆగుతారు, లయ జారిపోతూ ఉంటుంది. ఒకరు తంబురా, తాళంతో వాయించి రికార్డు పంపాలి. రెండోవారు వైరున్న ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని దానితో వాయించి, తమది పంపాలి. వారం వారం మార్చుకోవాలి. కాల్‌ని పాఠాంతరం, ఊపిరి గుర్తులు, వంతుల చర్చకు వాడుకోండి. పోటీకి ముందు కనీసం రెండు రోజులు ఒకేచోట కూర్చోవాలి.

చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిబారి వెదురు విచ్చుతుంది. వేణువును జిప్ కవర్లో, తగలకుండా చిన్న తడి స్పాంజి ముక్క పక్కన పెట్టి ఉంచండి. విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఒకరు వేణువు, ఒకరు నాదస్వరం లేదా పాశ్చాత్య ఫ్లూట్ అయితే?

పోటీ నిబంధన ఒప్పుకున్నా మేం వద్దంటాం. నాదస్వరం పక్కన వేణువు వినిపించదు. నాదస్వరానికి నాదస్వరమే జోడు, గుళ్లలోనూ పెళ్లిళ్లలోనూ ఎప్పటినుంచో ఇద్దరు కూర్చునే వాయిస్తున్నారు. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతుల వాదన వింటే ఇద్దరి ఊపిరి ఎలా అల్లుకుంటుందో తెలుస్తుంది. వేణువు పిల్లలకు కూడా అది పాఠమే. కీలున్న పాశ్చాత్య ఫ్లూట్‌ను వెదురు పక్కన పెడితే జారుడు గమకాలు ఒకరికి వచ్చి ఒకరికి రావు.

పోటీ ముందురోజు ఎంతసేపు సాధన చెయ్యాలి?

అరగంట. ఏడు స్వరాలూ కలిపి పట్టడం, కృతి ఒక్కసారి, ముక్తాయింపు ఐదుసార్లు. కొత్త సంగతి ఏదీ చేర్చవద్దు, ఎంత బాగున్నా సరే. పెదవి అలిసిపోతే మర్నాడు తారస్థాయి పలకదు. సంచిలో సర్దాల్సినవి: వేణువులు నాలుగు, తేనెమైనం, దారం, తుడిచే గుడ్డ, చెమటకు రుమాలు, తంబురాకు చార్జరు, మృదంగం వాళ్లకు రాసిన చీటీ.